నెత్తురులోని తలారి



నేటి ప్రసంగవిషయము నెత్తురు పరీక్షలలో నొకటి. దానికిని వృద్ధుల గుండెకును గల సంబంధమును గూర్చి చెప్పదలచితిని. వినుటకు శుష్కముగా తోచవచ్చును. కాని యీ పరీక్షాపత్రమును తప్పుగా చదువుకొని యొక పెద్దమనుష్యులు నిష్కారణముగా మంచము పట్టుటయు, మఱియొకరు నిశ్చింతగా నుండి ప్రాణము పోగొట్టుకొనుటయు నేను చూచితిని. కావున ముందుగా వారి సంగతి.

ఒకరు మా మేనమామగారు, డెబ్బది రెండేండ్లవారు. రెండవవారు వారి యెదురింటివారు, బాల్యస్నేహితులు. సాయంకాలమైనచో ఇద్దరును ఒకే యరుగుమీద కూర్చుండెడివారు. కొంతకాలము క్రిందట పట్టణమునుండి యొక పరీక్షాశాలవారు ఆ యూరికి వచ్చి, గుండెకు సంబంధించిన పరీక్షలన్నియు తక్కువ వెలకు చేయుదుమని చాటగా, ఇద్దరును ఒకే యుదయమున నెత్తురిచ్చిరి. మూడవనాడు కాగితములు వచ్చినవి. అందు సి. ఆర్. పి. అను పంక్తి కెదురుగా మామయ్యకు 18 అనియు, వారి స్నేహితులకు 0.8 అనియు వ్రాసియుండెను. మామయ్య అంకె క్రింద ఎఱ్ఱసిరాతో గీత యుండెను.

ఆ గీతను చూచి మామయ్య బెదరిపోయిరి. పొలము పోవుట మానిరి. డాబా మెట్లెక్కుట మానిరి. కొడుకులను పిలిపించి అప్పుల పద్దు అప్పగించిరి. స్నేహితులు టెలిఫోనులో నాతో మాటలాడుచు, “మీ మామకంటె నా గుండె గట్టిదటోయ్, ఒకటికి లోపేనట!” అని నవ్విరి. నేనును నవ్వితిని. వైద్యవృత్తిలో నున్నవాడను గనుక ఆ క్షణమున ఆయనను రెండు ప్రశ్నలు అడిగియుండవలసినది. అడుగలేదు.

మామయ్యకు తుదకు తేలినది దవడపంటి క్రింద చీము. పన్ను తీయించి, పుండు మానిన పిమ్మట మరల పరీక్షింపగా అంకె 2 నకు దిగినది. స్నేహితులు ముప్పది యేండ్లుగా చుట్ట కాల్చువారు. రక్తపుపోటునకు మాత్రలు వాడువారు. గుండె గట్టిదని కాగితమే చెప్పినది గదా యని ఆ మాత్రలు మానిరట. ఈ సంగతి మాకు తరువాత తెలిసినది. అయిదవ నెలలో నొక వేకువజామున గుండెపోటు వచ్చి, ఆసుపత్రి చేరకముందే పోయిరి.

ఆ రెండు కాగితములలో ఏదియు అబద్ధము కాదు. రెండంకెలును సరియైనవే. ఆ యంకె యేమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో వారికి చెప్పినవారు లేరు. అది నేడు మీకు చెప్పెదను.

కాలిలో ముల్లు విఱిగినప్పుడు ఏమగునో మీకు తెలియును. ఆ చోటు ఎఱ్ఱబడును, ఉబ్బును, వేడెక్కును, సలుపును. ఈ నాలుగు లక్షణములను క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమునగరపు గ్రంథకర్త సెల్సస్ ఒకచోట చేర్చి చెప్పెను. మన పూర్వులు దీనిని శోథమనిరి. మనము వాపు అందము. ఇది రోగము కాదు. శరీరము తన్ను తాను కాపాడుకొను యత్నము. నెత్తురులోని తెల్లకణములు ఆ చోటికి పరుగెత్తి, చొరబడిన సూక్ష్మజీవులను మ్రింగి, చచ్చిన కండను ఊడ్చి, గాయమును పూడ్చును. పని ముగియగానే వాపు తీయవలెను. తీయక, పైకి కనబడక, లోలోపల సంవత్సరముల తరబడి సాగినచో కాపాడవచ్చిన ఆ కణములే ఉన్న కండను పాడుచేయును.

కంటికి కనబడని వాపును నెత్తురులో పట్టుకొను ఉపాయములు కొన్ని కలవు. అందు పాతది ఇ. ఎస్. ఆర్. నిలువు గాజుగొట్టములో నెత్తురు పోసి నిలిపినచో ఎఱ్ఱకణములు మెల్లగా అడుగునకు దిగును. ఒంట వాపు ఉన్నప్పుడు నెత్తురులో కొన్ని జిగట పదార్థములు పెరిగి, కణములు రూకల దొంతరవలె ఒకదానిపై నొకటి అంటుకొని, బరువెక్కి వేగముగా దిగును. గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగినదో కొలుతురు. పోలండు దేశపు వైద్యుడు బియెర్నాట్స్కీ 1897 లో దీనిని ప్రకటించెను. స్వీడను దేశస్థుడు వెస్టర్‌గ్రెన్ 1921 లో కొలత పద్ధతిని స్థిరపఱచెను. క్షయ, కీళ్లవాతము మొదలగు వానియందు ఈ పరీక్ష నేటికిని అక్కఱకు వచ్చును. కాని గుండె విషయమున వృద్ధులకు ఇది మంచి సాక్షి కాదు. వయసుతో ఈ యంకె తనంతట పెరుగును. పురుషుని వయసులో సగము వఱకును, స్త్రీ వయసునకు పది కలిపి అందులో సగము వఱకును ఉండవచ్చునని వైద్యులు వాడుకొను మోటులెక్క యొకటి కలదు. ఆ లెక్కను డెబ్బదియేండ్ల ముత్తైదువకు 40 ఉన్నను బెదరనక్కఱలేదు. రక్తహీనత ఉన్నను పెరుగును. కనుక దీని నింతటితో విడిచి, మామయ్యను బెదిరించిన సి. ఆర్. పి. సంగతికి వచ్చెదను.

1930 లో న్యూయార్కు నగరమున రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయమందు టిలెట్, ఫ్రాన్సిస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల జ్వరము గలవారి నెత్తురును పరీక్షించుచుండిరి. ఆ జ్వరమును కలిగించు సూక్ష్మజీవి పైపొరనుండి తీసిన, సి అని పేరిడిన పదార్థమును రోగి నెత్తుటితేటలో కలుపగా అది విఱిగి తెల్లగా పేరుకొనెను. రోగికి నెమ్మదించిన పిమ్మట అదే పరీక్ష చేయగా పేరుకొనలేదు. జ్వరము ఉన్నన్నాళ్ళు నెత్తురులో ఏదియో యుండి, జ్వరముతో బాటు పోవుచున్నదని తేలినది. ఆ యేదియో యొక మాంసకృత్తు. సి పదార్థముతో కలియునది గనుక సి-రియాక్టివ్ ప్రోటీన్ అనిరి; పొట్టిగా సి. ఆర్. పి.

దీనిని చేయునది కాలేయము. ఒంటిలో ఎక్కడ వాపు పుట్టినను అచ్చటి కణములు ఇంటర్‌ల్యూకిన్-6 అను వార్తాహరుని నెత్తురులోనికి పంపును. ఆ వార్త కాలేయమునకు చేరగానే అది సి. ఆర్. పి. ని విడుచును. ఆఱు గంటలలో అంకె లేచును. రెండు దినములలో శిఖరమునకు ఎక్కును. మంచి ఆరోగ్యవంతునకు లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములుండునది పెద్ద జ్వరములో నూఱు, రెండు నూఱులు దాటవచ్చును. కారణము తొలగిన వెనుక ఇంచుమించు 19 గంటల కొకసారి సగమగుచు దిగిపోవును.

మీలో పెద్దలు గ్రామమందలి తలారి నెఱుగుదురు. గడ్డివామికి నిప్పంటుకొన్నను, చెఱువుకట్టకు గండి పడినను, దొంగలు పడినను రాత్రివేళ అతని కేక యొక్కటే. ఏమి జరిగినదో, ఎవరి యింట జరిగినదో లేచినవాడు తానే పోయి చూచుకొనవలెను. సి. ఆర్. పి. యును అట్టి తలారియే. దవడపంటికిని, మూత్రమందలి మంటకును, మోకాలి వాతమునకును, గుండె రక్తనాళమునకును దాని కేక యొక్కటే. మామయ్య పంటిని గూర్చి వేసిన కేకను గుండెను గూర్చిన కేక యనుకొనిరి.

మఱి గుండెకును వాపునకును ఏమి సంబంధమందురా? గుండెకు నెత్తురందించు నాళములలో క్రొవ్వు పేరుకొని, కాలువలో పూడిక పడినట్లు పూడిపోవుటవలన గుండెపోటు వచ్చునని సామాన్యముగా అనుకొందురు. అది సగము నిజము. జర్మనుదేశపు వైద్యపండితుడు విర్ఖో, నాళపు గోడలోని ఈ మార్పు వాపే యని 1850 ప్రాంతములనే వాదించెను. చాలకాలము ఆ మాటను ఎక్కువమంది పట్టించుకొనలేదు. నేడు తెలిసినది ఏమనగా: కొలెస్టరాలు నాళపు లోపలి పొరను దాటి గోడలో ఇంకును. దానిని మ్రింగుటకు తెల్లకణములు వచ్చును. మ్రింగి మ్రింగి, కదలలేక, నురుగుముద్దలవలె అచ్చటనే చచ్చును. వానిని ఊడ్చుటకు మఱికొన్ని వచ్చును. ఇట్లు గోడలో నొక గడ్డ యేర్పడి, దానిపై పలుచని పొర కప్పుకొనును. లోపల వాపు అణగియున్నంతకాలము ఆ పొర గట్టిగా నుండును. వాపు రేగినప్పుడు ఆ కణములు పొరను కొఱుకును, పొర చినుగును, చినిగినచోట నెత్తురు క్షణములలో గడ్డకట్టి దారి మూసివేయును. అదియే గుండెపోటు. నాళము సగము కూడ పూడనివారికి సైతము ఒక్కసారిగా గుండెపోటు వచ్చుటకు కారణమిదియే.

ఇంత చిన్న వాపునకు తలారి వేయునది కేక కాదు, గొణుగుడు. పాతకాలపు పరీక్షలకు ఆ గొణుగుడు వినబడదు. అందుచేత హై-సెన్సిటివిటీ సి. ఆర్. పి. అను సూక్ష్మపరీక్ష వచ్చినది. పదార్థము అదే, వినికిడి మాత్రము చుఱుకైనది. గుండె విషయమున పనికివచ్చునది ఈ సూక్ష్మపరీక్షయే గాని, జ్వరములకు చేయు మామూలు పరీక్ష కాదు. ఏది చేయుచున్నారో అడిగి మఱీ నెత్తురియ్యుడు.

1997 లో అమెరికా వైద్యుడు పాల్ రిడ్కర్, అతని తోడివారు ఒక ఫలితమును ప్రకటించిరి. అంతకు ముందు కొన్ని యేండ్లక్రిందట ఆరోగ్యముగా నున్న పురుష వైద్యులనుండి నెత్తురు తీసి భద్రపఱచియుండిరి. వారిలో తరువాత గుండెపోటు మొదలగునవి వచ్చిన 543 మంది నెత్తురును, రానివారి నెత్తురుతో పోల్చిచూచిరి. సి. ఆర్. పి. అన్నిటికంటె హెచ్చుగా నున్న పాతికవంతు మందికి, అన్నిటికంటె తక్కువగా నున్న పాతికవంతు మందితో పోల్చినచో, గుండెపోటు ఇంచుమించు మూడు రెట్లు. జబ్బు రాకముందు, సంవత్సరముల క్రిందటనే, నెత్తురు గొణుగుచుండెనన్నమాట. స్త్రీలను గూర్చి 2024 లో వెలువడిన పరిశోధన యింకను దీర్ఘమైనది. ఇరువదియేడువేల తొమ్మిదివందల ముప్పది తొమ్మండ్రు అమెరికా స్త్రీల నెత్తురును సగటున ఏబది యైదేండ్ల ప్రాయమున నొకమాఱు పరీక్షించి, ముప్పది యేండ్లు కనిపెట్టియుండిరి. ఆనాటి యొక్క పరీక్షలోని అంకె, వారు ముదుసలులగువఱకు గుండెకు రాబోవు అపాయమును సూచించినది. చెడు కొలెస్టరాలుకంటె కొంచెము గట్టిగానే సూచించినది.

2003 లో అమెరికా హృద్రోగ సంఘమువారు కొలతలు నిర్ణయించిరి. లీటరుకు 1 మిల్లీగ్రాముకంటె తక్కువ యున్నచో అపాయము తక్కువ; 1 మొదలు 3 వఱకు మధ్యమము; 3 దాటినచో ఎక్కువ. 10 దాటినచో గుండె మాట ప్రక్కనుంచి, పన్నో, పుండో, జ్వరమో వెదకవలెననిరి. ఒక్క పరీక్షను నమ్మక, రెండు వారములు ఎడమిచ్చి రెండుమార్లు చేసి సగటు తీయుమనిరి. మామయ్య కాగితము క్రింద ఈ నాలుగు మాటలు అచ్చువేసి యున్నచో పొలము పోవుట మానియుండరు.

ఇక ముఖ్యమైన ప్రశ్న. తలారియే దొంగయా? అనగా సి. ఆర్. పి. యే నాళములను చెఱచుచున్నదా? చెఱచుచున్నచో దానిని తగ్గించు మందు కనుగొన్న చాలును. దీనిని ప్రకృతియే పరీక్షించి పెట్టినది. కొందఱికి పుట్టుకతోనే, వంశపారంపర్యముగా, సి. ఆర్. పి. కొంచె మెక్కువగా నుండును. అదే దొంగ యైనచో వీరికి గుండెజబ్బులు ఎక్కువ కావలెను. 2009, 2011 సంవత్సరములలో ప్రకటింపబడిన పెద్ద లెక్కలలో వీరికి ఎక్కువ కాలేదు. కావున తలారి తలారియే. అతని నోరు నొక్కినందువలన దొంగతనము ఆగదు. సి. ఆర్. పి. ని తగ్గించునని చెప్పి ఎవరైన పొడులు, గుళికలు అమ్మవచ్చినచో ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు.

కాని తలారికి వార్త పంపువాని విషయము వేఱు. ఇంటర్‌ల్యూకిన్ అను వార్తాహరుల త్రోవలో నిజముగనే దోషమున్నదని 2017 లో రుజువైనది. ఒకసారి గుండెపోటు వచ్చియు, సి. ఆర్. పి. 2 కు తగ్గని 10,061 మందికి మూడు నెలల కొకసారి కానకినుమాబ్ అను సూదిమందును గాని, ఉత్త నీటివంటి సూదిని గాని వేసిరి. ఆ మందు కొలెస్టరాలును తగ్గింపదు. వాపును మాత్రమే అణచును. గుండెపోటు మొదలగునవి నూటికి పదునైదు వంతులు తగ్గినవి. విర్ఖో మాట నూటయఱువది యేండ్లకు నిలిచినది. అయితే కాపలాదారులను నిద్రపుచ్చిన యూరిలో వేఱు దొంగలు ప్రవేశింతురు. ఆ మందు తీసికొన్నవారిలో సూక్ష్మజీవుల రోగములతో చనిపోయినవారు హెచ్చిరి. మొత్తముమీద మరణములు తగ్గలేదు. కనుక గుండెకు అది వాడుకలోనికి రాలేదు.

తరువాత కోల్చిసిన్ వచ్చినది. గౌటు అను కీళ్లనొప్పికి ఎన్నడో వాడుచుండిన చవుక మందు ఇది. 2019, 2020 సంవత్సరములలో రెండు పెద్ద పరీక్షలందు దినమునకు అరమిల్లీగ్రాము చొప్పున గుండెరోగులకు ఇయ్యగా మేలు కనబడినది. 2024 లో ఏడువేలమందిపై జరిగిన మఱియొక పరీక్షలో మేలు కనబడలేదు. వైద్యులలో వాదము ముగియలేదు. ఇచ్చట నొక హెచ్చరిక. ఈ మందు మన యడవులలోను కంచెలమీదను ప్రాకు అగ్నిశిఖ దుంపలోను గింజలలోను ఉన్నది. నిప్పుమంటవలె ఎఱుపు పసుపు రేకులు పైకి తిరిగి పూయు తీగ యది. అడవినాభి యని కూడ అందురు. ఆ దుంప ఘోరమైన విషము. కొలిచి చేసిన మాత్రకును త్రవ్వి తెచ్చిన దుంపకును పోలిక లేదు. మాత్ర సైతము మూత్రపిండములు బలహీనపడిన వృద్ధులకు విషమింపవచ్చును. వైద్యుడు ఇచ్చిననే పుచ్చుకొనవలెను.

స్టాటిన్ అను కొలెస్టరాలు మాత్రల సంగతి ఇంతకంటె గట్టిది. అవి కొలెస్టరాలును, వాపును రెంటిని తగ్గించును. 2008 లో ముగిసిన పరీక్షలో, చెడు కొలెస్టరాలు హెచ్చు లేకున్నను సి. ఆర్. పి. 2 గాని అంతకు మించి గాని యున్న 17,802 మందిని చేర్చుకొనిరి. పురుషులు ఏబది, స్త్రీలు అఱువది దాటినవారు. సగముమందికి రోసువాస్టాటిన్ మాత్ర, సగముమందికి ఉత్త మాత్ర. రెండేండ్లు నిండకముందే ఆపివేసి లెక్క చూడగా, ఉత్త మాత్ర పుచ్చుకొన్న 8,901 మందిలో 251 మందికిని, మందు పుచ్చుకొన్న 8,901 మందిలో 142 మందికిని గుండెపోటు, పక్షవాతము మొదలగునవి కలిగినవి. మేలు నిజము. కాని వేలమంది పుచ్చుకొనగా నూఱుమంది తప్పించుకొనిరని కూడ ఈ అంకెలే చెప్పుచున్నవి. మందు నాకు కావలెనా యని వైద్యునితో మాటలాడునప్పుడు రెండు వైపులను చూడుడు.

వయసు మీరిన కొలది ఈ గొణుగుడు ఏల హెచ్చును? దీనికి ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫ్రాంచెస్కీ 2000 లో పేరే పెట్టెను. వార్ధక్యపు వాపు అని మనము చెప్పుకొనవచ్చును. బొజ్జలోని క్రొవ్వు ఊరక పడియుండదు, వార్తాహరులను పుట్టించుచుండును. చిగుళ్ళలోని పుండ్లు ఏండ్ల తరబడి మానవు. ముదిసిన కణములు చావక మూలుగుచుండును. వీనికంటె వింతయైనది ఎముకల మూలుగలోనిది. నెత్తురుకణములన్నియు అచ్చట పుట్టును. వయసుతో నొకానొక మూలకణము దారి తప్పి, వరిచేనిలో కేళీవలె తన సంతతిని పెంచుకొనును. డెబ్బది దాటినవారిలో పదింట నొకరికి మించి ఇట్టి గుంపు ఉండునని 2014 లో కనుగొనిరి. ఇది కాన్సరు కాదు. కాని ఈ గుంపునుండి పుట్టిన తెల్లకణములు కోపిష్ఠివి, నాళపు గోడలలో వాపును రేపును. 2017 నాటి లెక్కలో, ఇది గలవారికి గుండెజబ్బు ఇంచుమించు రెండింతలు. కొలెస్టరాలు బాగున్న వృద్ధునకు గుండెపోటు ఏల వచ్చెనను ప్రశ్నకు కొంత జవాబు ఇందున్నది.

మూలుగను మనము మార్చుకొనలేము. తక్కినవి చాలవఱకు మన చేతిలోనివే. చుట్ట, బీడి మానుట అన్నిటికంటె ముందు. రక్తపుపోటు, చక్కెర, కొలెస్టరాలు కొలిపించుకొని మందులు విడువకుండుట దాని వెంట. నడక, నడుము తగ్గుట, పండ్లు బాగుచేయించుకొనుట వాపును కొంత తగ్గించును. పండ్లు బాగైనందువలన గుండెపోటు తగ్గునని రుజువు లేకున్నను నమలుటకైనను మంచిదే. ఫ్లూ జ్వరమును తేలికగా ఎంచరాదు. కెనడాలోని ఒంటారియో వాసులను పరిశీలించి 2018 లో ప్రకటించిన లెక్కలో, ఆ జ్వరము రుజువైన మొదటి వారమున గుండెపోటు ఆఱురెట్లు హెచ్చెను. ఒళ్ళంతయు వాచినప్పుడు నాళపుగోడ మాత్రము వాయకుండునా? ఏటేట టీకా వేయించుకొనుట వృద్ధులకు మంచిది.

ఆస్పిరిన్ మాట గూడ చెప్పవలెను. అది నెత్తురును పలుచజేయును గదా యని తమంతట వాడువారు పల్లెలలో గలరు. గుండెజబ్బు లేని, ఎక్కువమంది డెబ్బది దాటిన 19,114 మందికి ఆస్ట్రేలియా, అమెరికాలలో ఇచ్చి చూచిరి. 2018 లో వెలువడిన ఫలితము: గుండెకు మేలు కనబడలేదు, ప్రమాదకరమైన రక్తస్రావము హెచ్చినది. ఇదివఱకే గుండెపోటు వచ్చి వైద్యుని మాటపై వాడువారికి మాత్రము ఇది వర్తింపదు, వారు మానరాదు.

మా యెదురింటి పెద్దమనుష్యులను నేను అడుగవలసిన రెండు ప్రశ్నలు ఇవి: చుట్ట మానితిరా? పోటు ఎంత యున్నది? 0.8 అను అంకె ఈ రెంటికిని జవాబు కాదు. తలారి కేక వేయనంతమాత్రమున ఇంటి తలుపు తీసి పండుకొనము. పోటు, పొగ తమ పని తాము చేయుచునే యుండును.

మొన్న మామయ్య టెలిఫోను చేసి, “ఒరే అబ్బాయీ, మళ్ళీ ఆ నెత్తురు పరీక్ష చేయించుకోమంటావా?” అని యడిగిరి. పన్ను పోయినది, అంకె దిగినది, ఇప్పుడు వలదంటిని. పోటు ఎంత యున్నదంటిని. 150 కి పైన ఉన్నదట, మాత్ర మార్చిరట. ఇప్పుడు నెలకొకమాఱు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు నడచిపోవుచున్నారు. ఎదురింటి పిన్నిగారిని గూడ వెంటబెట్టుకొని పోవుచున్నారు.